తుప్పు పట్టని అంచు: కోనసముద్రం ఉక్కు, కోబాల్ట్ కత్తులు, హైదరాబాద్ మిశ్రలోహాలు

వ్యాససంగ్రహం

కోబాల్ట్, క్రోమియం ప్రధానంగా గల మిశ్రలోహంతో తుప్పు పట్టని కత్తిని చేయవచ్చునని ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలోనే అమెరికాలో రుజువైంది. అయినా ఆ కత్తి వంటింటికి చేరలేదు. కొద్దిమంది చేతిపనివారి వద్ద మాత్రమే మిగిలింది. అదే లోహకుటుంబం మాత్రం విమాన ఇంజన్లలోకి, ఎముకల కీళ్ళలోకి, గుండె రక్తనాళాల్లోకి ప్రవేశించింది. ఆ లోహంలో పదును ఎక్కడి నుంచి వస్తుందో వివరించి, తెలంగాణలోని మూసఉక్కుతో దానికి గల నిర్మాణసామ్యాన్ని చూపడం, హైదరాబాద్‌లో ఆ లోహకుటుంబపు ప్రస్తుత స్థానాన్ని నిర్దేశించడం ఈ వ్యాస లక్ష్యం. మూసఉక్కు తుప్పు పట్టదనే అపోహను కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: మూసఉక్కు, కోనసముద్రం, కోబాల్ట్, స్టెల్లైట్, కార్బైడు, మిధాని, స్టెంటు.

1. ఉపోద్ఘాతం

పచ్చిమామిడికాయ తరిగిన ఇనుప కత్తిపీటను కడగకుండా వదిలేస్తే పూట గడిచేలోగా అలుగు నల్లబడుతుంది. మర్నాటికి ఎర్రని తుప్పు పొడి రాలుతుంది. అరటికాయ, అరటిపువ్వు తరిగినప్పుడు అలుగుతో పాటు ముక్కలు కూడా నల్లబడతాయి. మొదటి సందర్భంలో కాయలోని ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. రెండవ సందర్భంలో కరిగిన ఇనుము కాయలోని టానిన్లతో కలిసి నల్లని సమ్మేళనంగా మారుతుంది. ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ పులియబెట్టి తీసిన కసిమిని కరక్కాయలో ఊరిన బట్ట మీద పెట్టి కలంకారీ కళాకారులు నలుపును రాబట్టేదీ ఈ చర్యతోనే. వంటింట్లో బెడదగా ఉన్నది కలంకారీలో విద్య అయింది.

ఈ బెడదకు ఇరవయ్యో శతాబ్దం రెండు పరిష్కారాలు చూపింది. ఇనుములో క్రోమియం కలపడం ఒకటి. నేడు ఇంటింటా కనిపించే స్టెయిన్‌లెస్ స్టీలు దాని ఫలితం. ఇనుమును దాదాపు పూర్తిగా వదిలిపెట్టి, దాని స్థానంలో కోబాల్టును ఉంచడం రెండవది. రెండింటి మొదటి ఉద్దేశాలలోనూ కత్తి ఉంది. రెండవ మార్గపు చరిత్రను తెలుగులో లోహశాస్త్ర దృష్టితో చర్చించిన రచనలు అరుదు. తెలంగాణకు ఆ చరిత్ర ఆదిలోనూ, వర్తమానంలోనూ సంబంధం ఉన్నందున ఈ పరిశీలన అవసరమవుతోంది.

2. తుప్పు, చిలుము, పొర

ఇనుముకు పట్టేదానిని తెలుగు తుప్పు అంటుంది. రాగికీ ఇత్తడికీ పట్టేదానిని చిలుము అంటుంది. ఈ విభజన రసాయనశాస్త్రానికి కూడా సమ్మతమే. తుప్పు అంటే నీటిని కలుపుకొన్న ఇనుప ఆక్సైడు. అది తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది కనుక ఉబ్బి, పొరలుగా ఊడిపోతుంది. ఊడినచోట కొత్త లోహం గాలికీ తేమకూ దొరుకుతుంది. ఈ కారణంగా తుప్పు ఎక్కడా ఆగదు. ఇనుము లేని లోహానికి, మాట అర్థాన్ని పట్టి చూస్తే, తుప్పు పట్టే ప్రసక్తే లేదు. దానికి పట్టేది మరేదైనా కావచ్చు.

క్రోమియం ఆక్సైడు ఇందుకు విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. కొన్ని నానోమీటర్ల మందంతో లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది. గీత పడితే అక్కడి క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మళ్ళీ పొర కడుతుంది. ఈ రక్షణ నిలవాలంటే లోహంలో కరిగి ఉన్న క్రోమియం సుమారు 11 శాతానికి తగ్గకూడదు. ఇక్కడ 'కరిగి ఉన్న' అనే విశేషణం ముఖ్యమైనది. కత్తి ఉక్కుకు గట్టిదనం కావాలంటే కర్బనం ఉండాలి. కర్బనానికి క్రోమియం మీద ఆకర్షణ ఎక్కువ. రెండూ కలిసి క్రోమియం కార్బైడు రేణువులుగా ఏర్పడితే ఆ మేరకు క్రోమియం రక్షణపొరకు దక్కకుండా పోతుంది. కత్తులకు విస్తారంగా వాడిన 440సి అనే ఉక్కులో సుమారు 17 శాతం క్రోమియం, 1 శాతం కర్బనం ఉంటాయి. అందులో కొంత క్రోమియం కార్బైడుకు పోగా మిగిలినదానితోనే అది నెట్టుకొస్తుంది. ఉప్పునీటిలో ఎక్కువకాలం ఉంటే దానికీ చుక్కలు పడతాయి. పదునుకూ తుప్పుకూ మధ్య ఉన్న ఈ పేచీయే స్టెయిన్‌లెస్ కత్తుల చరిత్ర అంతటికీ మూలం.

కోబాల్ట్ మిశ్రలోహంలో ఈ పేచీ చాలావరకు తీరుతుంది. స్టెల్లైట్ 6 అనే ప్రసిద్ధ రకంలో సుమారు 28 శాతం క్రోమియం, 4 నుంచి 5 శాతం టంగ్‌స్టన్, 1 శాతానికి కొంచెం పైగా కర్బనం ఉంటాయి. మిగిలినదంతా ప్రధానంగా కోబాల్టే. కార్బైడుకు పోవలసిన క్రోమియం పోయినా, పొర కట్టడానికి పుష్కలంగా మిగులుతుంది. సముద్రపునీరు, పండ్ల రసాలు దానిని సులభంగా తాకలేవు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటివి మాత్రం దానినీ తినగలవు. కాబట్టి 'తుప్పు పట్టని' అనే మాటను 'దేనికీ చెడని' అనే అర్థంలో తీసుకోకూడదు.

అయితే గట్టిదనం సంగతి ఏమిటి? ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచితే దాని అంతర్నిర్మాణం మారి గట్టిపడుతుంది. తెలుగులో 'పదును' అనే మాటకు అంచు వాడి, లోహానికి చేసే ఈ సంస్కారం, వాన పడిన నేలకు కలిగే అనువైన తడి అనే మూడు అర్థాలూ ఉన్నాయి. మూడింటిలోనూ సరైన స్థితికి తీసుకురావడం అనే భావం సమానంగా ఉంది. కోబాల్ట్ మిశ్రలోహానికి ఈ సంస్కారం వర్తించదు. దానిని కాల్చి ముంచినా ఉక్కులా గట్టిపడదు. రాక్‌వెల్ సి కొలమానంలో మంచి ఉక్కు కత్తి 58 నుంచి 62 వరకు చూపుతుంటే, స్టెల్లైట్ 6 జాతి లోహాలు 40కి అటూ ఇటూగా ఉంటాయి. ఈ అంకెను మాత్రమే చూసినవారు అది కత్తికి పనికిరాదనే అంటారు. అయినా ఆ కత్తి తాడునూ అట్టనూ ఉక్కు కత్తి కంటే ఎక్కువసేపు కోస్తుంది. ఈ వైరుధ్యానికి సమాధానం లోహం గడ్డకట్టిన తీరులో ఉంది. దానిని అర్థం చేసుకోవడానికి తెలంగాణలోని ఒక గ్రామం దాకా వెళ్ళడం మేలు.

3. మూసలో పుట్టిన నిర్మాణం

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం పందొమ్మిదో శతాబ్దం వరకు మూసఉక్కుకు పేరుమోసిన ఊరు. భారతదేశపు మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ ఈ ఊరి ఉక్కు తయారీని చూసి రాసిన వర్ణన, ఆయన మరణానంతరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మట్టిమూసలలో మూసి కరిగించే పద్ధతిని ఆయన నమోదు చేశాడు. ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడ మకాం వేసిన పారశీక వర్తకుని ప్రస్తావన కూడా అందులో ఉంది. ఒక కుగ్రామపు కొలిమి ముందు ఇరాన్ వర్తకుడు వరుసలో నిలబడటం ఆ ఉక్కు విలువకు ఏ పొగడ్త కంటే బలమైన సాక్ష్యం. ఈ ప్రాంతపు మూసల అవశేషాలను తెల్మా లోవ్ సాంకేతికంగా విశ్లేషించారు. ఉత్తర తెలంగాణ ఇనుము, ఉక్కు పరిశ్రమల మీద ఎస్. జైకిషన్ విస్తృతంగా పరిశోధించారు. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఇక్కడ క్షేత్రసర్వే నిర్వహించాయి. యూరప్ భాషలలోని 'వూట్జ్' అనే పేరు తెలుగు, కన్నడ భాషల 'ఉక్కు' అనే మాట నుంచే వెళ్ళిందని సాధారణంగా అంగీకరిస్తారు.

మూసఉక్కులో కర్బనం సుమారు 1.2 నుంచి 1.8 శాతం వరకు ఉంటుంది. మూసలో ద్రవంగా ఉన్న ఉక్కు మెల్లగా చల్లారుతున్నప్పుడు అంతా ఒక్కసారిగా గడ్డకట్టదు. ముందుగా చెట్టుకొమ్మల ఆకారంలో స్ఫటికాలు పెరుగుతాయి. వీటిని శాఖాస్ఫటికాలు అనవచ్చు. కొమ్మల సందుల్లో మిగిలిన ద్రవంలోకి కర్బనమూ కొన్ని మలినాలూ చేరతాయి. చివరికి గడ్డకట్టేది ఆ సందుల్లోని ద్రవమే. కమ్మరి తక్కువ వేడిలో మళ్ళీ మళ్ళీ సాగగొట్టినప్పుడు ఇనుప కార్బైడు రేణువులు ఆ సందుల వెంట బారులు తీరి, ఆమ్లంతో తుడిచినప్పుడు నీటి అలల వంటి గీతలుగా కనిపిస్తాయి. డమాస్కస్ కత్తుల మీది ప్రసిద్ధమైన నగిషీ ఇదే. ఈ బారులు తీరడానికి వెనేడియం వంటి మూలకాలు అతిస్వల్ప మోతాదులో ఉండటమే కారణమని లోహశాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్, కత్తుల కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే 1990లలో ప్రయోగపూర్వకంగా చూపారు. ఒక ఆచార్యుడు, ఒక కమ్మరి కలిసి పరిశోధనపత్రం రాయడం ఈ రంగంలోనే సాధ్యమేమో.

గుర్తుంచుకోవలసింది ఒక్కటి. మూసఉక్కు అంచు కోయడంలో ముఖ్యపాత్ర మెత్తని నేపథ్యంలో పొదిగిన గట్టి కార్బైడు రేణువులది. వాటి అమరికను నిర్ణయించినది మూసలో జరిగిన ఘనీభవనం. స్టెల్లైట్‌ను పోతపోసినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ముందు కోబాల్ట్ ప్రధానమైన శాఖాస్ఫటికాలు పెరుగుతాయి. వాటి సందుల్లో క్రోమియం కార్బైడు వలలాగా గడ్డకడుతుంది. ఈ కార్బైడు గట్టిదనం ఇనుప కార్బైడు కంటే చాలా ఎక్కువ. వాడుతున్నకొద్దీ మెత్తని కోబాల్ట్ కాస్త అరిగి, కార్బైడులు సూక్ష్మమైన పళ్ళలా పైకి తేలుతాయి. కొడవలికి కమ్మరి కొట్టే కక్కును ఇక్కడ లోహమే తనకు తాను కొట్టుకుంటుంది. తక్కువ గట్టిదనం చూపే లోహం తాడును ఎక్కువసేపు కోయడంలోని రహస్యం ఇది. రాక్‌వెల్ పరికరపు సూది నేపథ్యాన్నీ రేణువునూ కలిపి సగటు చెబుతుంది. తాడు పోగుకు తగిలేది మాత్రం రేణువు.

ఈ సామ్యాన్ని మితిమీరి సాగదీయకూడదు. మూసఉక్కు తుప్పు పట్టదని, ఢిల్లీలోని ఇనుపస్తంభం అందుకు నిదర్శనమని ప్రసంగాల్లోనూ కొన్ని వ్యాసాల్లోనూ వినిపిస్తూ ఉంటుంది. ఇది రెండు వేర్వేరు విషయాలను కలగలపడం. ఢిల్లీ స్తంభం మూసఉక్కు కాదు. అది కర్బనం తక్కువగా, భాస్వరం ఎక్కువగా గల మెత్తని ఇనుము. భాస్వరం వల్ల దానిమీద ఏర్పడిన రక్షకపొర స్వభావాన్ని ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం సవివరంగా నిరూపించారు. మూసఉక్కుకు అటువంటి రక్షణ లేదు. నూనె రాసి ఒరలో భద్రపరచకపోతే అది మామూలు ఉక్కులాగే తుప్పు పడుతుంది. ఇరాన్‌లోని చాహక్‌లో మధ్యయుగాల నాటి మూసఉక్కులో సుమారు 1 శాతం క్రోమియం ఉన్నట్లు 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం వెల్లడించింది. ఆ పనివారు క్రోమియం ఖనిజాన్ని ఉద్దేశపూర్వకంగానే కలిపారు. అయినా ఆ మోతాదు తుప్పును ఆపడానికి చాలదు. కోనసముద్రం ఘనతకు లేని గుణాన్ని అంటగట్టనవసరం లేదు. ఉన్న గుణమే చాలినంత గొప్పది.

4. లండన్ కత్తుల దుకాణం నుంచి కొకొమో దాకా

బొంబాయిలో ఉన్న వైద్యుడు హెలీనస్ స్కాట్ 1790లలో మూసఉక్కు నమూనాలను లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీలో వాటిమీద పత్రం సమర్పించాడు. ఆ ఉక్కును స్వయంగా వాడి చూసి మెచ్చుకున్నవారిలో జేమ్స్ స్టోడర్ట్ ఒకడు. ఆయన శస్త్రచికిత్స పరికరాలు, కత్తులు తయారుచేసే వృత్తిదారుడు. మైకేల్ ఫారడేతో కలిసి స్టోడర్ట్ 1819 తర్వాత చేసిన ప్రయోగాలు మూసఉక్కు రహస్యాన్ని ఛేదించే ప్రయత్నంగా మొదలై, ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం వంటివి కలిపి చూడటం దాకా సాగాయి. 1820లో వారు ప్రకటించిన పత్రం రెండు ప్రశ్నలను ముందుంచుకుంది: మరింత మంచి కోత పరికరాలకు పనికివచ్చే మిశ్రలోహం ఏది, గాలికీ తేమకూ చెడకుండా నిలిచేది ఏది. పదును, తుప్పు అనే రెండు సమస్యలు ఆధునిక లోహశాస్త్రంలో ఒకే ప్రయోగపట్టికలోకి వచ్చిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. ఆ సందర్భానికి ప్రేరణ దక్కన్, దక్షిణ భారతాల మూసలు.

ఫారడే పత్రం చదివిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ బెర్తియె 1821లో ఉక్కులో క్రోమియం కలిపి, ఆ ఉక్కుతో ఒక కత్తినీ ఒక మంగలికత్తినీ చేయించాడు. క్రోమియం ఎక్కువగా గల ఇనుము ఆమ్లాలను తట్టుకుంటుందని కూడా ఆయన గమనించాడు. కానీ కర్బనం తక్కువగా గల క్రోమియం అప్పట్లో దొరికేది కాదు. మరో తొంభై ఏళ్ళు గడిచాక 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ ఉక్కును పోతపోశాడు. ఆ ఉక్కు కూడా మొదట భోజనపు కత్తులుగానే బజారుకు వచ్చింది.

బ్రియర్లీ కంటే ముందే అమెరికాలో ఎల్‌వుడ్ హేన్స్ రెండవ మార్గం పట్టాడు. ఇండియానా రాష్ట్రంలోని కొకొమో పట్టణంలో 1894లో తన మోటారుకారును నడిపి చూపిన హేన్స్ మౌలికంగా లోహాల మనిషి. భార్య తుప్పు పట్టని, మెరుపు తగ్గని భోజనపు కత్తులు అడిగినందువల్ల ఈ అన్వేషణ మొదలైందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజానిజాలు ఎలా ఉన్నా, 1907 డిసెంబరులో ఆయనకు కోబాల్ట్-క్రోమియం, నికెల్-క్రోమియం మిశ్రలోహాల మీద పేటెంట్లు లభించాయి. 1910లో అమెరికన్ కెమికల్ సొసైటీ ముందు పత్రం చదివాడు. టంగ్‌స్టన్‌నూ మాలిబ్డినమ్‌నూ చేర్చి 1913లో మరిన్ని పేటెంట్లు పొందాడు. తళుకు తగ్గని లోహం కనుక నక్షత్రమనే అర్థం గల లాటిన్ పదం 'స్టెల్లా' నుంచి స్టెల్లైట్ అని పేరు పెట్టాడు.

భోజనపు బల్ల మాత్రం దానికి దక్కలేదు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి, ఫిరంగిగుండ్లను లేతు యంత్రాల మీద చెక్కవలసిన అవసరం పెరిగింది. ఎర్రగా కాలినా గట్టిదనం కోల్పోని స్టెల్లైట్ ఆ పనికి సరిగ్గా సరిపోయింది. ఉక్కు పనిముట్టు మెత్తబడిపోయే వేగంలో అది నిలకడగా కోసింది. బల్లమీది కత్తికి బ్రియర్లీ ఉక్కు చవకగా దొరుకుతున్నప్పుడు ఖరీదైన కోబాల్ట్ ఎవరికి కావాలి? 1920లో హేన్స్ తన సంస్థను యూనియన్ కార్బైడ్‌కు అప్పగించాడు. 1920ల చివర్లో జర్మనీ నుంచి టంగ్‌స్టన్ కార్బైడు పనిముట్లు వచ్చి లేతు మీద స్టెల్లైట్ స్థానాన్ని క్రమంగా ఆక్రమించాయి. ఆ కార్బైడు పొడిని పట్టి ఉంచే జిగురు కూడా కోబాల్టే కావడం విశేషం.

5. కత్తులు చేసినవారు

హేన్స్ వదిలిన కత్తిని మళ్ళీ అందుకున్నది అమెరికాలోని చేతిపని కత్తులవారు. వారిలో డేవిడ్ బోయ్ పనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. కత్తుల తయారీ మీద 1977లో ఆయన ప్రచురించిన పాఠ్యపుస్తకం ఒక తరం పనివారికి గురువైంది. మొదట 440సి ఉక్కును సాగగొట్టకుండా పోతపోసి, ఘనీభవనంలో ఏర్పడిన కార్బైడు వలను చెదరనీయకుండా కత్తులు చేశాడు. తర్వాత అదే పద్ధతిని కోబాల్ట్ మిశ్రలోహానికి వర్తింపజేశాడు. 'డెండ్రిటిక్ కోబాల్ట్' అని ఆయన పెట్టిన పేరులోనే శాఖాస్ఫటికం ఉంది. సముద్రయానం చేసేవారు ఈ కత్తులను ఆదరించారు. ఉప్పునీటిలో చెడకపోవడం, తాడును తెగవేయడంలో అలసిపోకపోవడం, దాదాపు అయస్కాంతగుణం లేనందున పడవలోని దిక్సూచిని కదిలించకపోవడం అందుకు కారణాలు.

పోతపోసిన లోహానికి బదులు పలకగా సాగదీసిన స్టెల్లైట్ 6బి, 6కె రకాలను వాడినవారు మరికొందరు. సాగదీసినప్పుడు కార్బైడు వల తెగి విడివిడి రేణువులవుతుంది. అందువల్ల లోహం అంత పెళుసుగా ఉండదు. 1990ల చివర్లో టాలనైట్ అనే పేరుతో వచ్చిన 6బి తరహా లోహం కొంతకాలం కత్తుల ప్రపంచంలో సంచలనం సృష్టించింది. మోంటానాకు చెందిన రాబ్ సిమోనిచ్, హవాయికి చెందిన టామ్ మేయో వంటివారు దానితో కత్తులు చేశారు. కోబాల్ట్ లోహాలకు రంపపు మిల్లుల్లో అప్పటికే పరిచయం ఉంది. దేవదారు జాతి పచ్చికలపలోని ఆమ్లాలు మామూలు రంపపు పళ్ళను తినేస్తాయి కనుక స్టెల్లైట్ పళ్ళు వాడుకలో ఉండేవి.

ఈ తయారీదారుల కష్టం వేరు తరహాది. కొలిమి, సుత్తి, నీటితొట్టి ఇక్కడ పనిచేయవు. కాల్చి ముంచే సంస్కారం లేదు కనుక కమ్మరి విద్యలో సగం నిరుపయోగమవుతుంది. మిగిలేది సాన ఒక్కటే. అరుగుదలను ఎదిరించే లోహం సానకు కూడా లొంగదు. పట్టీలు త్వరగా అరుగుతాయి, పని నిదానిస్తుంది, ధర పెరుగుతుంది. అంచును ఉక్కు కత్తి అంత సన్నగా తీస్తే గట్టి వస్తువుకు తగిలినప్పుడు విరగదు గానీ వంగుతుంది. కాబట్టి ఎముకలు కొట్టే పనికి ఈ కత్తి తగదు. కొద్దిమంది తయారీదారులు, కొద్దిమంది కొనుగోలుదారులు, పడవ వంటి ప్రత్యేక సందర్భాలు. ఇంతకు మించి దాని పరిధి విస్తరించకపోవడానికి ఇవే కారణాలు. జపాన్‌లో కర్బనానికి బదులు నత్రజని మీద ఆధారపడి తయారైన హెచ్-1 వంటి ఉక్కులు 2000 తర్వాత ఉప్పునీటి కత్తులకు చవకైన మార్గం చూపడంతో ఆ కొద్దిపాటి పరిధి కూడా కుంచించుకుపోయింది.

6. కంచన్‌బాగ్, హైటెక్ సిటీ

కత్తి వెనకబడినా లోహం వెనకబడలేదు. 1930లలో కోబాల్ట్-క్రోమియం-మాలిబ్డినం లోహం వైటాలియం అనే పేరుతో కట్టుడు పళ్ళలోకి ప్రవేశించింది. ఎముకలను బిగించడానికి అది శరీరద్రవాలలో చెడకుండా నిలుస్తుందని అదే దశాబ్దంలో వెనబుల్, స్టక్ అనే శస్త్రవైద్యులు చూపారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమాన ఇంజన్ల టర్బోసూపర్‌ఛార్జర్ రెక్కలకు వేడిని తట్టుకునే లోహం కావలసి వచ్చినప్పుడు, పళ్ళ వైద్యశాలలోని ఈ లోహాన్నే, అక్కడి మైనపు పోత పద్ధతితో సహా ఇంజనీర్లు అరువు తెచ్చుకున్నారు.

హైదరాబాద్ కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది. రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల నెలకొన్న కంచన్‌బాగ్ ప్రాంతంలోనే 1973 నవంబరులో మిశ్ర ధాతు నిగమ్, అనగా మిధాని, ప్రభుత్వరంగ సంస్థగా ఏర్పడింది. 1980ల తొలి సంవత్సరాల్లో ఉత్పత్తి మొదలైంది. విమానాలకు, అంతరిక్ష వాహనాలకు, అణువిద్యుత్తుకు కావలసిన ప్రత్యేక లోహాలను దిగుమతి చేసుకోవలసిన స్థితిని తప్పించడం దాని ధ్యేయం. శూన్యంలో విద్యుత్ ప్రేరణతో కరిగించి, మలినాలు తొలగేలా రెండోసారి కరిగించే పద్ధతులు ఇక్కడ నిత్యకృత్యం. సూపర్‌కో 605 అనే పేరుతో మిధాని తయారుచేసే కోబాల్ట్ లోహంలో సుమారు 20 శాతం క్రోమియం, 15 శాతం టంగ్‌స్టన్, 10 శాతం నికెల్ ఉంటాయి. ప్రపంచ విపణిలో ఎల్-605 అనీ, హేన్స్ 25 అనీ పిలిచేది ఈ రకాన్నే. కొకొమో ప్రయోగశాల మనిషి పేరు ఆ విధంగా నేటికీ నిలిచి ఉంది.

దీనిని స్టెల్లైట్ 6 పక్కన పెట్టి చూస్తే ఒక ఆసక్తికరమైన తేడా కనిపిస్తుంది. రెండూ ఒకే కుటుంబం. అయితే సూపర్‌కో 605 రకంలో కర్బనం 0.15 శాతానికి మించదు. కర్బనం లేదు కనుక కార్బైడు వల లేదు. కార్బైడు లేదు కనుక కోత లేదు. దానికి బదులు లోహం సాగుతుంది, సన్నని గొట్టంగా మారుతుంది. కత్తికి ప్రాణమైన మూలకాన్ని తీసివేస్తే రక్తనాళంలో ఉంచదగిన లోహం వచ్చింది.

గుండె రక్తనాళాల స్టెంటులో హైదరాబాద్‌కు తొలి పరిచయం ఉక్కుతోనే. 1990లలో ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు బి. సోమరాజు రూపొందించిన కలాం-రాజు స్టెంటు స్టెయిన్‌లెస్ ఉక్కుది. తర్వాతి తరం స్టెంట్లు ప్రపంచమంతటా కోబాల్ట్-క్రోమియం వైపు మళ్ళాయి. ఎల్-605 ఉక్కు కంటే బలమైనది, ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల స్టెంటు తీగల మందాన్ని 60 నుంచి 80 మైక్రాన్ల దాకా తగ్గించడం సాధ్యపడింది. నేడు నగర శివారులోని సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో ఇటువంటి స్టెంట్ల తయారీ కర్మాగారం ఉంది. నగరానికి ఆగ్నేయాన కంచన్‌బాగ్, వాయవ్యాన హైటెక్ సిటీ. ఈ రెండింటి మధ్య సాధారణ సంభాషణలో సంబంధం కనిపించదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఐటీ కారిడార్ అంటే సాఫ్ట్‌వేర్ అనే భావమే స్థిరపడింది. అక్కడ 'బ్లేడు' అంటే సర్వర్ల గదిలోని పలుచని కంప్యూటరు అని అర్థం చేసుకునేవారే ఎక్కువ. కానీ మాదాపూర్ కేంద్రంగా ఉన్న సైయెంట్ వంటి సంస్థలు విమాన ఇంజన్ల భాగాల ఇంజనీరింగ్ రూపకల్పనలో చాలాకాలంగా పనిచేస్తున్నాయి. ప్రాట్ అండ్ విట్నీతో ఆ సంస్థ అనుబంధం 2000 నాటిది. నానక్‌రామ్‌గూడలో మెడ్‌ట్రానిక్ ఇంజనీరింగ్ కేంద్రం వైద్య పరికరాల మీద పనిచేస్తోంది. వేడికి లోహం ఎంత సాగుతుంది, ఎన్ని ఒత్తిళ్ళకు అలసిపోతుంది అనే లెక్కలు కారిడార్ తెరల మీద తేలుతాయి. ఆ లెక్కలలోని లోహాన్ని కరిగించే కొలుములు నగరానికి అవతలి కొసన ఉన్నాయి.

అన్ని చోట్లా కోబాల్ట్ స్వాగతం పొందదు. అణువిద్యుత్ కేంద్రాల కవాటాలకు స్టెల్లైట్ పూతలు వేసే ఆచారం ఉండేది. అరిగిన రేణువులు శీతలకంతో పాటు రియాక్టరు గర్భంలోకి చేరితే న్యూట్రాన్లను గ్రహించి కోబాల్ట్-60గా మారతాయి. 5.27 సంవత్సరాల అర్ధాయుష్షు గల ఆ రేడియోధార్మికత మరమ్మతు సిబ్బందికి ముప్పు తెస్తుంది. అందుచేత ఆ రంగం కోబాల్ట్ లేని ప్రత్యామ్నాయాలను వెదుక్కుంది.

7. సాన ధూళి

తుప్పు పట్టని కత్తి వాడేవారికి ఇచ్చే నిశ్చింతలో ఒక భాగం చేసేవారి ఊపిరితిత్తుల నుంచి వచ్చింది. ఉక్కును సానపట్టినప్పుడు రాలే ధూళి కంటే కోబాల్ట్ ధూళి ప్రమాదకరమైనది. టంగ్‌స్టన్ కార్బైడు, కోబాల్ట్ కలిసిన ధూళి పీల్చిన కార్మికులకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బు వైద్యశాస్త్రంలో చిరపరిచితం. కోబాల్ట్-క్రోమియం దంతఫలకాలను అరగదీసే సాంకేతిక నిపుణులలోనూ ఊపిరితిత్తుల వ్యాధులు నమోదయ్యాయి. ఐరోపా సమాఖ్య 2021 అక్టోబరు నుంచి కోబాల్ట్ లోహాన్ని క్యాన్సర్ కారక పదార్థంగా వర్గీకరించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో దానిని బహుశా క్యాన్సర్ కలిగించేదిగా, 2ఎ వర్గంలో చేర్చింది. గడ్డగా ఉన్న లోహం చేతితో పట్టుకుంటే ఈ ప్రమాదం లేదు. కోబాల్ట్ పడనివారికి చర్మం మీద దద్దు రావచ్చు, అంతే. ముప్పు ప్రధానంగా పొడిలో ఉంది.

కంచన్‌బాగ్ వంటి చోట్ల పెద్ద సంస్థలకు ధూళిని లాగే యంత్రాలు, వైద్య పరీక్షలు ఉంటాయి. వీధి చివర రెండు గదుల్లో నడిచే దంత ప్రయోగశాలలలోనూ, పనిముట్ల అంచులకు సానపట్టే చిన్న దుకాణాలలోనూ ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు తప్ప మరే రక్షణా లేకుండా పనిచేయడం సాధారణ దృశ్యం. తడిగా సానపట్టడం, పట్టీ దగ్గరే ధూళిని పీల్చే గొట్టం అమర్చడం, సరైన వడపోత గల ముసుగు వాడటం అనే మూడు జాగ్రత్తలకు పెద్ద పెట్టుబడి అవసరం లేదు. కళాశాలల పాఠ్యక్రమంలో మూసఉక్కు చరిత్రకు దొరుకుతున్న పుటలలో ఒక పుట సాన ధూళికి కూడా దక్కవలసి ఉంది. కోనసముద్రం కొలుముల దగ్గర పొగ పీల్చినవారి గురించి వాయ్‌సీ వర్ణన నుంచి తెలిసేది ఎంత స్వల్పమో పరిశోధకులకు తెలుసు. ఈనాటి సానవారి గురించి కూడా అంతే స్వల్పంగా రాసి ఊరుకోవడానికి కారణమేమీ లేదు.

ధూళిని పోగుచేయడానికి ఆర్థికమైన కారణం కూడా ఉంది. గనుల నుంచి ప్రపంచానికి అందే కోబాల్ట్‌లో సగానికి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచే వస్తుంది. అక్కడి చేతి గనులలో పిల్లల శ్రమ గురించిన నివేదికలు అంతర్జాతీయ వివాదంగా మారాయి. విద్యుత్ వాహనాల బ్యాటరీలు ఈ లోహానికి కొత్త గిరాకీ తెచ్చాయి. భారతదేశం తన కోబాల్ట్ అవసరాలకు దిగుమతుల మీదనే ఆధారపడుతుంది. తడిసాన తొట్టి అడుగున పేరుకునే బూడిదరంగు బురదలో కోబాల్ట్, క్రోమియం, టంగ్‌స్టన్ మూడూ ఉంటాయి. దానిని ఎండబెట్టకుండా, మూతగల డబ్బాలో భద్రపరచి, తుక్కు లోహం కొనే సంస్థలకు తూకానికి అమ్మవచ్చు. శుద్ధిచేసిన తర్వాత అది మళ్ళీ కొలిమికి చేరుతుంది.